చింతపండు నానబెట్టాక లెక్కలేంటి

గాలం వేసేవాడు పట్టిన చేపల్లో ఎన్ని ఇంటికి తెచ్చుకోవాలి, ఎన్ని నీళ్లలో వదలాలి అన్నది ప్రపంచం తలపట్టుకున్న సమస్య. ఇంగ్లండువాళ్లు దీన్ని చట్టం చేసి తేల్చేశారు. నదిలో గాలం వేసినవాడు రోజుకు ఒకే ఒక్క పైక్ చేప తీసుకోవచ్చు, అదీ 65 సెంటీమీటర్లు దాటకూడదు. చిన్నచేపలైతే 15, ఒక్కోటీ 20 సెంటీమీటర్ల లోపు. స్విట్జర్లాండువాళ్లది ఇంకో దారి. తినే ఉద్దేశం లేకుండా, పట్టి వదిలేయడానికే గాలం వేస్తే అక్కడ తప్పు. సరదా కోసం దాని నోట్లో కొక్కెం దించడం ఏం న్యాయమని వాళ్ల ప్రశ్న. ఒకరు వదలమంటారు, ఒకరు తినమంటారు. నెల్లూరు జిల్లా ఎటువైపో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఆ బరువు నేనే నెత్తికెత్తుకున్నాను.

ముందు నా అర్హత చెప్పాలి. పదేళ్లుగా ప్రతి ఆదివారం పెన్న మీది సంగం బ్యారేజీ దిగువనో, ఏదో ఒక చెరువు కట్ట మీదో కూర్చుంటున్నాను. పట్టినవి తక్కువే. పట్టనివాడికే కదా నియమాలు రాసే తీరిక ఉండేది.

మన దగ్గర పరిమితి లేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఉంది. దాన్ని దబర అంటారు, పులుసు కాచే గిన్నె. నేను బెండు నీళ్లలోకి విసరకముందే ఇంట్లో చింతపండు నానబెట్టి ఉంటుంది. కాలమైతే పుల్ల మామిడికాయ ముక్కలు కూడా కోసి పెడతారు. అంటే రెండు కిలోల చేప వస్తున్నట్టు వంటింట్లో తీర్మానం అయిపోయింది, పెన్న ఒప్పుకోవడమే తరువాయి. పెన్న ఒప్పుకోని రోజున దారిలో మార్కెట్ ఉంది. గాలానికి పడ్డ చేప మొప్పల్లో ఐసుముక్క ఎట్లా వచ్చిందని మా ఆవిడ ఒకసారి అడిగింది. ఈ ఏడు నీళ్లు మరీ చల్లగా ఉన్నాయన్నాను.

అసలు రెండు కిలోలు దేనికని పొరుగు జిల్లాల వాళ్లు అడగొచ్చు. చేపల పులుసు వండిన రోజు తినేది కాదు, మర్నాటికి ముక్కకు పులుపు పట్టాకే దానికి పేరు. కాబట్టి ఇవాళ్టికి ఓర్చుకోలేక తినేది ఒక కిలో, రేపటి అసలు భోజనానికి ఒక కిలో. పక్కింటికి గిన్నెడు, మా అత్తగారింటికి టిఫిన్ క్యారియర్‌లో ఒక అర. ఇందులో అత్యాశ ఎక్కడుందో చూపించండి.

ఇక కలుజు, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు, పారే రోజుల సంగతి. నవంబరులో వాయుగుండం పట్టి చెరువు నిండితే చేపలు ఎదురీదుతూ కలుజు దగ్గరికొస్తాయి. ఊరూ ఊరంతా అక్కడే. వలలున్నవాడు వలతో, లేనివాడు దోమతెరతో, అదీ లేనివాడు లుంగీతో. మొన్నటిదాకా పర్యావరణం గురించి నాకు క్లాసు పీకిన మాస్టారొకాయన పిల్లల స్కూలు సంచి తిరగేసి పుస్తకాలు కట్ట మీద పెట్టి, సంచిలో పరిగెలు నింపుకోవడం నేను కళ్లారా చూశాను. జిప్పు వేసినా లోపల తపతపమని కొట్టుకుంటున్నాయి. ఆ రోజున స్కేలు పట్టుకుని సెంటీమీటర్లు కొలుస్తానంటే నన్నే నీళ్లలోకి వదిలేవాళ్లు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఒక్కమాట. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు వేటకు పోవు. మా జిల్లా తీరాన జువ్వలదిన్నెలో వేటే బతుకైనవాళ్లు పడవ ఒడ్డున కట్టి కూర్చుంటారు. కాలక్షేపానికి గాలం పట్టే మనకు మాత్రం ఆదివారమొక్కటి కూడా ఆగదు.

అందుకే ముసాయిదా రాద్దామని మొదలుపెట్టాను. గుడ్లతో ఉన్న తల్లిచేపను వదిలేయాలి అని మొదటి వాక్యం. అక్కడే చిక్కొచ్చింది. బొచ్చె, రాగండి చెరువు నిలవనీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వరదనీటి పారుదల కావాలి. అందుకే చెరువు గుత్తకు తీసుకున్న మత్స్యకార సహకార సంఘం ఏటా చేపపిల్లను కొని వదులుతుంది. అంటే చెరువులో నేను బొచ్చెను వదిలితే అది దయ కాదు, వాళ్ల సొత్తు వాళ్లకిచ్చినట్టు. పట్టుకుంటే ఏమంటారో కాపలా అన్నకు తెలుసు. నాలుగు పడితే ఒకటి ఆయన సంచిలోకి. జిల్లాలో నిక్కచ్చిగా అమలవుతున్న నిబంధన నాకు తెలిసి ఇదొక్కటే.

కొర్రమీను అలా కాదు. అది చెరువులోనే గుడ్లు పెడుతుంది, పిల్లల్ని కాపలా కాస్తుంది. వదలాల్సింది దాన్నే అని రాసుకున్నాను. మార్కెట్లో చెరువు చేపల్లోకెల్లా ఖరీదైనదీ అదే.

పోయిన ఆదివారం తుంగ పక్కన నీళ్ల మీద చిన్న ఎర్రటి ముద్ద ఒకటి కదులుతూ కనిపించింది. అగ్గిపుల్లంత పిల్లలు, వందల్లో, ఒకేచోట సుళ్లు తిరుగుతున్నాయి. మా బావమరిది ఏమీ మాట్లాడకుండా కప్పపిల్లను కొక్కేనికి గుచ్చి సరిగ్గా వాటి మధ్యన దించాడు. ఆకలికి కాదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని కింద నుంచి తల్లో తండ్రో విరుచుకుపడింది. కర్ర విల్లులా వంగింది. గట్టు మీద పడ్డాక చూస్తే కిలోన్నర పైనే.

"వదిలేయరా, పిల్లలున్నాయి" అన్నాను.

"నువ్వు రాసే చట్టం ప్రకారం రోజుకెన్ని, బావా?"

"ఒకటి."

"ఇది ఒకటే గదా."

కొర్రమీను నీళ్లు లేకపోయినా చాలాసేపు బతుకుతుంది కాబట్టి మాకు వాదించుకోవడానికి బోలెడంత టైముంది. అంతలో ఫోన్ మోగింది.

"ఏమండీ, ఏమన్నా పడిందా? చింతపండు పిసికేశాను."

ఎర్రముద్ద ఇంకా తుంగ దగ్గరే తిరుగుతోంది, కాస్త చెదిరింది. జేబులోంచి కాగితం తీసి, కొర్రమీను గురించిన వాక్యం చివర "ఈ నిబంధన వచ్చే ఆదివారం నుంచి అమల్లోకి వస్తుంది" అని చేర్చి, సంచి మూతి తెరిచి పట్టుకున్నాను.