యువొదియ, సుంటుకేల మధ్య మూడో మనిషి

క్రైస్తవ సంఘంలో ఐక్యత గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, విశ్వాసులంతా ఒకే మాట మీద ఉంటేనే ఐక్యత ఉన్నట్టని రాశారు. ఉద్దేశం మంచిదే కానీ ఆ మాట నాకు మింగుడు పడలేదు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చూడండి. తోటి పనివాడు మార్కును సువార్త ప్రయాణానికి వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న దగ్గర, కలిసి సువార్త చెప్పిన పౌలు, బర్నబా గట్టిగా వాదులాడుకుని చెరో దారి పట్టారు. అదే మార్కు తనకు పనికొచ్చేవాడని, వెంటబెట్టుకు రమ్మని పౌలు తర్వాత తన శిష్యుడు తిమోతికి రాశాడు. మాట తేడా వచ్చినంత మాత్రాన మనిషిని వదులుకోలేదు.

మా సంఘంలో ఇద్దరు పెద్దలు పాటలకు ఎంత టైమ్ ఇవ్వాలన్న దాని మీద మాటా మాటా అనుకుని ఆరు నెలలు పలకరించుకోలేదు. సిద్ధాంతం కాదండీ, పాటలు! ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) రోజున రొట్టె పళ్లెం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లేది, కళ్లు మాత్రం కలిసేవి కావు. వెనక వరసలో కూర్చున్న నాకే టెన్షన్‌గా ఉండేది. అయినా మేమంతా చూసీ చూడనట్టు ఊరుకున్నాం, నాతో సహా.

ఫిలిప్పీ పట్టణంలోని సంఘంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పొసగనప్పుడు పౌలు అలా ఊరుకోలేదు. ఇద్దరినీ పేరుపెట్టి బతిమాలాడు. వాళ్లకు సాయం చేయమని ఇంకొకరికి పురమాయించాడు కూడా. ఆ మూడో మనిషి పని సంఘంలో ఎవరు చేయాలో కూడా వ్యాసంలో రాసి ఉంటే బాగుండేది. మా దగ్గర చివరికి ఒక ముసలావిడ చేశారు, ఆరాధన అయ్యాక ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి.