మేమేం ఇవ్వలేదు, అది ఆమె పాలే

నెల రోజులుగా ఇదే మాట వింటున్నా. "ఎంత మంచి మనసమ్మా మీది, ఆ పిల్లకు కూడా ఎకరం పైన ఇచ్చిండ్రంట కదా!" నర్సంపేటలో చుట్టాలింటికి పోయినా ఇదే, హనుమకొండలో పెళ్లికి పోయినా ఇదే. ఇక ఊరుకోలేక రాస్తున్నా. మేము ఎవరికీ ఏమీ ఇవ్వలేదు.

బాపు దినాలు అయిపోయాక పట్టా పాసుబుక్కు కోసం ఆయన సందూక తెరిచాం. అడుగున దారంతో కట్టిన మనియార్డర్ రసీదుల కట్ట. అన్నీ భూపాలపల్లికే, అన్నీ ఒకే పేరు మీద. సిరా వెలిసిపోయింది గానీ లెక్క తెలుస్తూనే ఉంది. ప్రతి జూన్‌లో డబ్బు కొంచెం ఎక్కువ పంపేవాడు. బడి తెరిచే నెల కదా.

అమ్మ ఆ కట్ట విప్పనైనా విప్పలేదు. "అది నీ చెల్లె. నాకు తెల్వదా బిడ్డా? మీ పెండ్లిళ్లు ఆగుతయని నోరు మూసుకున్న" అంది. మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు పోయిన మనిషి, జెండా పాట (రేటు తేల్చే వేలం) అయ్యాక సాయంత్రానికి ఇంట్లో ఉండాలి. ఆయన మూడో రోజు వచ్చి "రేటు రాలే" అంటే పిల్లలం నమ్మాం. అమ్మ నమ్మినట్టు అన్నం పెట్టింది. ఇన్నేళ్లు.

నాకు ముందు కోపం వచ్చింది ఆ పిల్ల మీదే. ఆమె చేసిన తప్పేంటని ఒక్కసారి కూడా అనుకోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విరాసత్‌కు, అంటే బాపు భూమి వారసుల పేర్ల మీదికి మార్పించడానికి, మా ముగ్గురి పేర్లే రాద్దాం అన్నాడు అన్న. "ఆమె అడగలేదు కదా" అన్నాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది అనుకున్నా. నా పెళ్లిలో పెద్దమనుషులు అన్న మాటే అది. "కట్నం ఇచ్చినం, పిల్ల భూమి అడుగతలేదు కదా." అడగనియ్యకుండా చేసి, అడగలేదు అంటారు!

బాపు సొంతంగా కొన్న భూమి అది, వీలునామా లేదు. అలాంటి భూమిలో బిడ్డకు కొడుకుతో సమాన పాలు 1956 వారసత్వ చట్టం నుంచీ ఉంది. అమ్మ ఉండగా గుడిలో కట్టిన ఆ రెండో తాళి చెల్లదు. కానీ పెళ్లి చెల్లకపోయినా బిడ్డ చెల్లుతుంది, తల్లిదండ్రుల ఆస్తిలో ఆ బిడ్డకు హక్కుంది. 2023 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇంకా ముందుకు పోయి, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలోనూ అలాంటి పిల్లలకు పాలుంటుందని చెప్పింది. మా నాలుగున్నర ఎకరాలు నలుగురికి తలా ఎకరం 5 గుంటలు. ఇందులో మా దయ ఎక్కడుంది? ఆ పిల్ల తల్లికి మాత్రం చట్టం గుంట కూడా ఇవ్వదు. ఆ బాధ నాకింకా పోలేదు.

ఊళ్లో నలుగురు పెద్దలకు ఈ సంగతి ముందే తెలుసట. పరువు అని దాచారట. ఎవరి పరువు? అమ్మ లోపల్లోపల కుమిలిపోయింది, అక్కడ ఒక పిల్ల నాన్న పేరు గట్టిగా చెప్పలేక పెరిగింది. మిగిలిన పరువు ఎవరిదో నాకు చెప్పండి. బాపు అంటే నాకు ప్రాణం. అందుకే అంటున్నా, బతికుండగా ఆయన నోటితో చెప్పి ఉంటే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఆయన చెయ్యి పట్టుకొని అడిగేదాన్ని. ఫోటోను ఏం అడగను?

సంతకాలతో ఇంట్లో ఏదీ చక్కబడలేదు. అన్న రెండు నెలలు నాతో మాట్లాడలేదు. సంవత్సరీకం అయ్యాక పెత్రమాసకు, పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్యకు, అమ్మే ఫోన్ చేయించి చెల్లెను పిలిపించింది. బాపు పేరు మీద అయ్యగారికి ఇచ్చే బియ్యం పళ్లెం మీద మా ఇద్దరితో పాటు ఆమె చెయ్యి కూడా పెట్టించింది. అన్న చూపు పళ్లెం మీదే ఉంది, కానీ జరిగి చోటిచ్చాడు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు అమ్మ ఆమెను మెల్లగా అడిగింది. "మీ ఇంట్ల కూడా పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఏరి పక్కకు పెడుతుండెనా?"

"పెడుతుండె పెద్దమ్మా" అంది చెల్లె. "నేను తింటుంటి అవి."

అమ్మ తన గిన్నెలోని పచ్చిపులుసు ఇంకొంచెం ఆమెకు పోసింది.