ఎవరినడిగి పాడించారు?

చనిపోయిన గాయకుడి చేత బతికున్న నాయకుడికి పుట్టినరోజు పాట పాడించవచ్చని గోదావరి జిల్లాల్లో మొన్ననే తేలింది. గౌతమి ఒడ్డున ఓ చిన్న పట్టణం. ఈ మధ్య కాలంలో కన్నుమూసిన సంగీతకారులకు సంస్మరణ సభ అన్నారు. వేదిక వెనక ఫ్లెక్సీలో బాలు, వాణీ జయరామ్, రాజ్-కోటిలో రాజ్, జాకిర్ హుస్సేన్, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్. వాళ్లందరి కంటే రెండింతలు పెద్దగా ముఖ్య అతిథి. ఆరింటికన్న సభ ఏడున్నరకు మొదలైంది. ప్రసంగాలు అయ్యేసరికి తొమ్మిది దాటింది. అప్పుడు మైకులో, బాలుగారే స్వయంగా మన కోసం పాడబోతున్నారని చెప్పి ల్యాప్‌టాప్ మీట నొక్కారు.

గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యందే, కృత్రిమ మేధ (ఏఐ)తో పుట్టించింది. పాట మాత్రం ఆయన జన్మలో పాడనిది. ముఖ్య అతిథి పేరు, వాళ్ల నాన్నగారి పేరు, నియోజకవర్గం పేరు కలిపి కుట్టిన మూడు చరణాలు. జనం ఈలలు వేశారు, ఫోన్లు పైకెత్తి రికార్డు చేసుకున్నారు. 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయిన మనిషి చేత ఈ పాట పాడించడానికి ఎవరినడిగారు? కుటుంబాన్ని అడిగారా? అడగలేదు. అడగాలని తోచనైనా లేదు.

ఆ సభకు వెళ్లిన మా విలేకరి రెండు సంగతులు గమనించారు. నాలుగు నిమిషాల పాటలో ఆ గొంతు ఒక్కచోట కూడా ఊపిరి పీల్చలేదు. 'కళ' అనాల్సిన చోటల్లా 'కల' అంది. టీవీలో పిల్లలకు పాట నేర్పుతూ ఒక్క అక్షరం తప్పు పలికినా ఆపి, దిద్ది, మళ్లీ పాడించిన మనిషి ఆయన. ఆయన నోట 'ళ' పోగొట్టి, దానికి నివాళి అని పేరు పెట్టారు. పెళ్లి భోజనంలో పులిహోరకు ఇంగువ తగ్గినా ఎటకారం ఆడే మన గోదావరి నోళ్లు ఆ రాత్రి ఏమయ్యాయో!

మర్నాడు మా జిల్లా పేజీలో ఆ సభ ఫొటో కింద 'ఘన నివాళి' అనే వచ్చింది. ఆ తప్పు మాది. రోజూ వచ్చే పాతిక ప్రెస్‌నోట్లలో అదొకటి అనుకుని వేసేశాం. అందుకే ఈ మాటలు ఇక్కడ రాయాల్సి వస్తోంది.

నిర్వాహకుల వాదన మాకు తెలియనిది కాదు. అభిమానంతో చేశాం, టికెట్ పెట్టలేదు, పైసా సంపాదించలేదు, ఏఐని ఎవరు ఆపగలరు అంటున్నారు. రాసేవాళ్లకు పనిలేదంటూ సన్నాయి నొక్కులు కూడా నొక్కుతున్నారు.

ఏఐని ఆపమని ఎవరూ అనలేదు. అడగమంటున్నాం. 2024లో ఏఆర్ రెహమాన్ ఒక తమిళ సినిమా పాటకు ఇద్దరు దివంగత గాయకుల గొంతులు ఇలాగే వాడారు. ముందు వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నారు, డబ్బు చెల్లించారు. అదే ఏడాది ఒక తెలుగు సినిమాలో తన తండ్రి గొంతును అడక్కుండా పుట్టించారంటూ బాలు కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. కాబట్టి తెలియక చేశామంటే కుదరదు. అడిగితే కాదంటారేమోనన్న అనుమానం ఉన్నవాడే అడగడం మానేస్తాడు.

చట్టం సంగతికి వద్దాం. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మన రాజమహేంద్రవరంలో 1948లో పుట్టారు. ఆరు వందలకు పైగా అన్నమయ్య సంకీర్తనలకు బాణీలు కట్టి, 2025 మార్చి 9న తిరుపతిలో కన్నుమూశారు. కాపీరైట్ చట్టం స్వరకర్త పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు ఆయన స్వరరచనకు రక్షణ ఇస్తుంది. అంటే ఆయన బాణీలకు 2085 చివరి దాకా కాపలా ఉంది. ఆ బాణీలు పాడిన గొంతుకో? గాయకుడికి 50 ఏళ్ల హక్కు ఉన్నమాట నిజమే కానీ, అది పాడిన పాటకు. పాడని పాటలో ఆ గొంతును పుట్టిస్తే ఏమిటన్నది చట్టంలో సూటిగా లేదు. 2024 జులైలో బొంబాయి హైకోర్టు సినీ గాయకుడు అర్జిత్ సింగ్ గొంతును ఏఐతో నకలు చేయడాన్ని ఆపింది. ఆయన బతికున్నారు, వెళ్లి అడిగారు. అంతకు ముందు ఏడాదే ఢిల్లీ హైకోర్టు ఒక దివంగత హిందీ నటుడి కేసులో అలాంటి హక్కులు మనిషితోనే పోతాయని, వారసులకు రావని చెప్పింది. బతికున్న గొంతుకు తలుపు ఉంది, పోయిన గొంతుకు తలుపే లేదు. తలుపు లేని ఇల్లు కదా అని జొరబడటం అభిమానమా?

ఇది ఎక్కడికి పోతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఈ రోజు పుట్టినరోజు పాట. రేపు పంచాయతీ ఎన్నికలు వస్తే ఆటో మైకులో బాలు గొంతు ఫలానా గుర్తుకే ఓటంటూ వీధి వీధీ తిరుగుతుంది. ఎదుటి పార్టీవాళ్లు ఊరుకుంటారా, ఘంటసాలను దింపుతారు. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర, నిన్నటిదాకా వెంకన్న కీర్తన పాడిన గరిమెళ్ల గొంతుతో పందెం ఎంతో చెప్పిస్తారు. నవ్వొస్తోందా? మొన్న సభలో జరిగింది కూడా ఏడాది కిందట చెబితే నవ్వేవారే. ఒకసారి చప్పట్లు కొట్టాక రెండోసారి ఏ నోటితో కాదంటాం?

పోయినవాళ్లతోనే ఆగుతుందనుకోవడం కూడా భ్రమే. కపిలేశ్వరపురంలో హరికథ నేర్చుకుని ఊరూరా చెప్పుకు బతికే అమ్మాయి వీడియోలు యూట్యూబులో ఉంటాయి. పది నిమిషాల గొంతు దొరికితే చాలు, ఆమె లేకుండానే ఆమె కథ చెప్పిస్తారు. ఆమెకు ఇవ్వాల్సిన సంభావన మిగులుతుంది. అసలు లెక్క అక్కడే ఉంది. ఉత్సవ కమిటీలకు టెంటుకు, సీరియల్ సెట్లకు, డీజేకు, ఫ్లెక్సీకి డబ్బులు ఉంటాయి. కళాకారుడి దగ్గరకు వచ్చేసరికి, మీది కాని ఊరా ఇది అంటారు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టింది కోనసీమలోని శంకరగుప్తంలో. నాలుగే స్వరాలతో కొత్త రాగాలు కట్టారు. అవి ఆయన సృష్టించినవి కావని వీణ బాలచందర్ సవాలు చేస్తే, సంగీత లోకం రెండుగా చీలి ఏళ్ల తరబడి కొట్లాడుకుంది. ఎవరిది ఒప్పన్నది పండితులు చూసుకుంటారు. మాకు ముఖ్యమైంది వేరే ఉంది. నాలుగు స్వరాలు ఎవరివన్న దాని మీద అంత పట్టుదలకు పోయిన మనిషి పుట్టిన నేల మీదే, ఇప్పుడు నిండు గొంతును ఎత్తుకుపోతుంటే అడిగే దిక్కు లేదు. ద్రాక్షారామం వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రిని ఇచ్చింది, పిఠాపురం నేల గాత్ర విద్వాంసుడు నేదునూరి కృష్ణమూర్తిని ఇచ్చింది, నిడదవోలు బాలాంత్రపు రజనీకాంతరావును ఇచ్చింది. ఈ పేర్లు వేదికల మీద గడగడా అప్పజెప్పడం మన వక్తలకు బాగా వచ్చు. మొన్న కూడా ఒకరు అప్పజెప్పారు, నేదునూరిని ఇంకో విద్వాంసుడైన నూకలవారిగా మార్చి.

స్మరించుకోవడానికి మార్గాలు లేక ఇలా చేశారా అంటే అదీ కాదు. కాకినాడ సరస్వతీ గానసభ నూరేళ్లు దాటినా ఇంకా మనుషుల చేతే పాడిస్తోంది. ఎందరో సంగీతం మేష్టార్ల ఇళ్లలో పాత క్యాసెట్లు గోదావరి తేమకు బూజు పట్టి అట్టముక్కల్లా అవుతున్నాయి. ఒక ఫ్లెక్సీ ఖర్చుతో కొన్నింటినైనా డిజిటల్ చేయించవచ్చు. పోయినవాళ్లు నిజంగా పాడినవి అందులో ఉన్నాయి. పాడనివి పుట్టించడానికి ఉన్న ఉత్సాహం, పాడినవి దాచడానికి ఎందుకు లేదు?

రాష్ట్ర సాంస్కృతిక శాఖ వెంటనే చేయగలిగింది ఒకటుంది. ప్రభుత్వ సాయం తీసుకునే ఏ సభలోనైనా, ప్రభుత్వ ఆడిటోరియంలో జరిగే ఏ కార్యక్రమంలోనైనా దివంగత కళాకారుల గొంతును ఏఐతో పుట్టించి వాడాలంటే కుటుంబం రాతపూర్వక అనుమతి చూపించాలని ఉత్తర్వు ఇవ్వాలి. దానికి పార్లమెంటు చట్టం తెచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇక నాయకులు. ముఖ్య అతిథిగారు ఆ పాట వింటూ చేతులు జోడించి కూర్చున్నారు. ఎవరినడిగి చేశారయ్యా అని ఒక్క మాట అని ఉంటే ఈ సంపాదకీయం అవసరం ఉండేది కాదు. ఆయన అనలేదు సరికదా, ఆ వీడియోను తన పేజీలో పెట్టుకున్నారు. ఇది రాసే సమయానికి ఇంకా తీయలేదు.

ఆ వేదిక మెట్ల పక్కన, జనరేటర్ దగ్గర, ఒక సన్నాయి విద్వాంసుడు, ఇద్దరు డోలు కళాకారులు సాయంత్రం అయిదున్నర నుంచి కూర్చుని ఉన్నారు. ఆహ్వాన పత్రికలో వాళ్ల కచేరీ ఉంది. పెద్దాయన సన్నాయి పీకను నోట్లో పెట్టుకుని తడుపుకుంటూ, తీసి తువ్వాలుకు తుడుచుకుంటూ, మళ్లీ పెట్టుకుంటూ నాలుగు గంటలు గడిపారు. ల్యాప్‌టాప్ పాట అయ్యాక టైం అయిపోయిందని ఆయన చేత మంగళం ఒక్కటీ వాయించి పంపేశారు. ఇస్తామన్న సంభావన నిన్నటికీ అందలేదు. కమిటీవారు మాకు జవాబు రాసే పని తర్వాత పెట్టుకోవచ్చు. ముందు ఆయన డబ్బులు ఆయనకు ఇచ్చి రండి.