గుర్తుంచుకోవడం ఫైలు పనా, గుమాస్తా పనా?

గుంటూరు బ్రాడీపేటలో అగ్రిమెంట్లు టైపు చేసే ఒక షాపులో ఒక గొప్ప సంప్రదాయం నడుస్తోంది. రసీదు నంబరు ఎంతవరకు వచ్చిందో వర్డ్ ఫైలు చివర్లో తెల్ల రంగు అక్షరాలతో రాసిపెడతారు. ఎరగనివాడికి ఖాళీ కాగితమే. ఎరిగినవాడు మౌసుతో లాగి చదువుకుంటాడు. ఒకసారి ఎవరో ఫైలంతా సెలెక్ట్ చేసి నలుపు కొట్టేసరికి ‘లాస్ట్ నం. 318, చెరపొద్దు’ అని ప్రింటులో వచ్చింది. పార్టీ అది కూడా ఆస్తి షెడ్యూలే అనుకుని దాని కిందే సంతకం పెట్టి వెళ్ళాడు. ఎవరికేం నష్టం?

ఇలాంటి చోటికి మాక్రోలు (వర్డ్‌లో పనులు వాటంతటవే జరిగేలా రాసే చిన్న ప్రోగ్రాములు) నేర్చిన కుర్రాడొచ్చి, నంబరును ‘డాక్యుమెంట్ వేరియబుల్’లో, అంటే ఫైలు లోపలే ఉండే పేరుపెట్టిన అరలో, దాచమంటున్నాడు. మాక్రోలోని మామూలు వేరియబుల్‌లో దాచింది వర్డ్ మూయగానే పోతుందట. ఈ డాక్యుమెంట్ వేరియబుల్‌లో దాచింది ఫైలు సేవ్ చేస్తే ఫైలుతోనే ఉంటుందట, పెన్‌డ్రైవులో తెనాలి పట్టుకెళ్ళినా సరే. డాక్స్‌గా, అంటే మాక్రోలుండని మామూలు వర్డ్ ఫైలుగా, సేవ్ చేస్తే మాక్రో ఊడిపోతుంది గానీ విలువ మిగులుతుందట.

ఉంటే ఉండనీ, కనపడాలి కదా! ఏ మెనూలోనూ దొరకదు. డాక్‌వేరియబుల్ ఫీల్డు (ఆ విలువను కాగితం మీద చూపే కోడు) పెట్టి ఎఫ్9 నొక్కితేనే దర్శనం. ఖాళీ విలువ ఇచ్చామా, వేరియబుల్ మొత్తమే మాయం. ఆ తర్వాత దాన్ని అడిగితే 5825 ఎర్రరు. మా గుమాస్తా చేతిలో ఖాళీ కవరు పెట్టి చూడండి, నాలుగు మాటలంటాడే గానీ మాయమైపోడు.

పోనీ కస్టమ్ ప్రాపర్టీల్లో, అంటే ఫైలు వివరాల జాబితాలో మనం చేర్చుకునే గళ్ళలో, పెడదామంటే అవి అందరికీ కనపడతాయి. పాత పార్టీ ఫైలునే దిద్ది కొత్త పార్టీకి ఇవ్వడం మన వృత్తిధర్మం. కొత్తాయన ఇంటికెళ్ళి ప్రాపర్టీస్ తెరిచి, పాతాయన దగ్గర ఎంత తీసుకున్నామో చదువుకుంటే మన గతేం కాను?

ఇక సేవ్‌సెట్టింగ్ అనే మాక్రో ఆదేశంతో విండోస్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, దాచడం. అది ఆ కంప్యూటరును, ఆ లాగిన్‌ను వదిలి కదలదు. పాత సిస్టమ్ సెకండ్‌హ్యాండ్‌లో అమ్మితే నంబరు కూడా కొన్నవాడికే. మనం మళ్ళీ 1 నుంచి మొదలు.

ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్ళలో మాక్రోలను మైక్రోసాఫ్టే 2022 నుంచి అడ్డుకుంటోంది. అంటే వాళ్ళూ మా గుమాస్తా పక్షమే. కనుక ప్రభుత్వం వెంటనే షాపుకో ‘నంబరు జ్ఞాపకాధికారి’ని నియమించాలి. ఆయన సెలవు పెట్టిన రోజున ఎవరూ రసీదు అడగరాదని జీవో కూడా ఇవ్వాలి.