మే నెలలో రక్తం ఎవరిస్తారు?

ఆగస్టు 9 మహేష్ బాబు పుట్టినరోజు, 22న చిరంజీవిది, సెప్టెంబర్ 2న పవన్ కళ్యాణ్‌ది. ఈ పాతిక రోజుల్లో మన ఊళ్ళల్లో ఎక్కడ చూసినా రక్తదాన శిబిరాలే. ఓ పక్క ఫ్లెక్సీ, ఓ పక్క కేకు, మధ్యలో మంచాలేసుకుని రక్తం ఇస్తున్న కుర్రాళ్ళు. కటౌట్ల దగ్గర కొట్టుకునే అభిమానం ఇక్కడిదాకా వచ్చిందంటే చిన్న సంగతేం కాదు. 1998 అక్టోబర్ 2న చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలైంది, ఆ తర్వాత్తర్వాత మిగతా హీరోల అభిమాన సంఘాలకి కూడా ఇదో అలవాటైపోయింది, దాని పుణ్యమా అని ఎంతమంది బాలింతలు, ఎంతమంది యాక్సిడెంట్ కేసులు బతికి బయటపడ్డారో ఎవరూ లెక్క కట్టలేరు. శిబిరాల మీద మాకేం పేచీ లేదు. పేచీ అంతా క్యాలెండర్‌తోనే.

ఎందుకంటే రక్తం బీరువాలో దాచుకునేది కాదు. ఎర్ర కణాలు ఎంత జాగ్రత్తగా ఫ్రిజ్‌లో పెట్టినా 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. అంటే సెప్టెంబర్ 2న ఇచ్చిన రక్తం అక్టోబర్ మధ్య దాటి పనికిరాదు. ఇచ్చినవాళ్ళు కూడా వెంటనే మళ్ళీ ఇవ్వలేరు, మగవాళ్ళయితే 3 నెలలు ఆగాలి, ఆడవాళ్ళయితే 4 నెలలు. ఊరంతా ఒకే వారంలో ఇచ్చేస్తే ఊరంతా ఒకేసారి ఆగిపోవాల్సిందే కదా.

ఇక మే నెల సంగతి చూడండి. కాలేజీలకి సెలవులు, ఎండ మండిపోతూ ఉంటుంది, క్యాంపులు ఉండవు. రోగాలకి మాత్రం సెలవుల్లేవు. తలసీమియా, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని జబ్బు ఉన్న పిల్లలకి రెండు వారాలకో, మూడు వారాలకో, మహా అయితే నాలుగు వారాలకో రక్తం ఎక్కించాల్సిందే, ఎక్కించకపోతే పిల్లాడు బడి మెట్లు ఎక్కడానికి కూడా ఆయాసపడిపోతాడు. బ్లడ్ బ్యాంక్‌కి వెళ్తే "డోనర్‌ని తెచ్చుకోండమ్మా" అంటారు. ఉద్యోగస్తుల ఇంట్లో అయితే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెడితే పది మంది వస్తారు. కూలి చేసుకునే ఇంట్లో ఎవర్ని తెస్తారు? రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి, ఆ ఇంట్లో తల్లికే అంత ఉండదు, మేనమామ తెల్లారి లేచి సెంట్రింగ్ పనికి పోవాలి. డబ్బుకన్నా ముందు మనుషుల కొరత ఉంటుంది పేదరికంలో, మనం చాలాసార్లు అది మర్చిపోతాం.

ఈ ముక్క అంటే కొంతమంది అభిమానులకి కోపం రావచ్చు, మే 20న జూనియర్ ఎన్టీఆర్ పుట్టినరోజు ఉంది, 28న పెద్దాయన జయంతి ఉంది అని. నిజమే, మే నెల పూర్తిగా ఖాళీ కాదు, ఆ మాత్రం ఒప్పుకోవాల్సిందే. కానీ పిల్లల ప్రాణాలు ఏ హీరో ఏ నెలలో పుట్టాడన్న దాని మీద ఆధారపడకూడదు కదా. జిల్లాలో ఉన్న సంఘాలన్నీ ఒకసారి కూర్చుని నెలకొకరు చొప్పున పంచుకుంటే సరిపోతుంది, పుట్టినరోజు నాడు కేకు కోసుకోండి, రక్తం మాత్రం మీ వంతు వచ్చిన నెలలో ఇవ్వండి. బ్లడ్ బ్యాంకులు అడిగేది కూడా ఇదే, పిలిచినప్పుడు రండి అని.

రక్తం ఒక్కటే కాదు, మన దగ్గర సేవ అనేది ముప్పాతిక మూడొంతులు ఇచ్చేవాళ్ళ తీరికని బట్టే నడుస్తోంది. ఆగస్టు 15న ఆసుపత్రిలో పళ్ళు, బ్రెడ్డు. డిసెంబర్‌లో దుప్పట్లు. పిల్లాడి పుట్టినరోజుకి అనాథాశ్రమంలో బిర్యానీ. ఆదివారం మధ్యాహ్నం వృద్ధాశ్రమానికి ఇద్దరు ముగ్గురు దాతలు ఒకేసారి భోజనాలు తెచ్చేస్తారు, మంగళవారం పొద్దున ముసలాయన బీపీ మాత్రలు అయిపోతే తెచ్చిపెట్టే మనిషి ఉండడు. ఇచ్చినవాళ్ళ మనసు మంచిదే, దాన్ని వెక్కిరించే ఉద్దేశం మాకు లేదు, ఫొటో కోసం చేస్తున్నారని తిట్టిపోయడం కూడా ఈమధ్య ఒక ఫ్యాషనైపోయింది, ఫొటో దిగినా సరే దుప్పటి దుప్పటే, చలికి పనికొస్తుంది. అయితే ఆ దుప్పటి కప్పుకున్న మనిషికి ఇంకేం కావాలో అడిగిన వాళ్ళు ఎంతమంది?

అన్నం విషయంలో మాత్రం మన వాళ్ళని మెచ్చుకోవాలి. హైదరాబాద్‌లో 2014లో మొదలైన 5 రూపాయల భోజనం, ఆంధ్రాలో 2018లో వచ్చి, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టు 15 నుంచి మళ్ళీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లు, పెద్దాసుపత్రుల గేట్ల దగ్గర రోగుల బంధువులకి రోజూ వడ్డించే ట్రస్టులు, ఇవన్నీ రోజూ నడుస్తాయి కాబట్టే పనికొస్తున్నాయి. ఆకలి రోజూ వేస్తుంది, అన్నం కూడా రోజూ ఉండాలి, అంతే లెక్క. ఈ లెక్క మనకి కొత్తదేం కాదు. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి గురించి ఒక కథ చెప్పుకుంటారు. అంతర్వేది స్వామి దర్శనానికని బయల్దేరిన ఆమెకి దారిలో ఎవరో కుటుంబం మాటలు చెవిన పడ్డాయట, సీతమ్మ గారింటికి చేరితే అన్నం దొరుకుతుంది, కాస్త ఓర్చుకోండి అని పిల్లలకి చెప్పుకుంటున్నారట. ఆమె దర్శనం మానేసి వెనక్కి తిరిగి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టుకున్నాం, బానే ఉంది. ఆమె చేసిన పనిలో అసలు విషయం వంట కాదని మా అభిప్రాయం, తన ప్రయాణం కంటే వాళ్ళ ఆకలి టైముకి విలువ ఇవ్వడం.

ఇక కడుపు నిండాక వచ్చే కష్టాలున్నాయి, అవి ఫొటోలో పడవు. ఆంధ్రాలో బడికెళ్ళే పిల్లల తల్లులకి ఇచ్చే తల్లికి వందనం డబ్బులు 2025 జూన్‌లో పడ్డాయి, 15 వేలల్లో బడి నిర్వహణకి 2 వేలు పోను 13 వేలు. పడనివాళ్ళు ఊరి సచివాలయానికి వెళ్తే కారణాలు ఎలా ఉంటాయో చూడండి. ఒకామెకి కరెంటు 300 యూనిట్లు దాటిందని వస్తుంది, రెండు బల్బులు ఒక ఫ్యాను ఉన్న ఇల్లు అది, తీరా చూస్తే ఆమె ఆధార్ నంబర్ వేరేవాళ్ళ మీటర్‌కి లింక్ అయి ఉంటుంది. దాన్ని తీయించాలంటే కరెంటాఫీసుకి వెళ్ళాలి, అర్జీ రాయాలి, మళ్ళీ సచివాలయానికి రావాలి. ఇంకొకామెకి బ్యాంక్ ఖాతా ఉంది కానీ ఎన్‌పీసీఐ లింక్, అంటే ఆధార్ మీద వచ్చే సర్కారు డబ్బు ఆ ఖాతాలో పడే లింక్, లేదంటారు, ఆ మాటకి అర్థమేంటో చెప్పేవాడు బ్యాంకులో క్యూ చివర ఉంటాడు. మరొకరికి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, రేషన్ కార్డులో ఉత్త అక్షరం. జీవితమంతా రాళ్ళు మోసి, నాట్లేసి వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్ళకి మిషన్ వేలు తీసుకోదు, కంటిపాప స్కాన్ చేయొచ్చని వాళ్ళకి తెలియదు, తెలిసినా గట్టిగా అడగలేరు. ఒక్కో తిరుగుడికి ఒక్కో రోజు కూలి పోతుంది. నాలుగు రోజులు తిరిగాక "పోనీలే, మనకి రాసిపెట్టి లేదు" అని ఇంట్లో కూర్చునే వాళ్ళు ఎంతోమంది. వాళ్ళకి హక్కుగా రావాల్సిన 13 వేలు ఒక చదువుకున్న కుర్రాడు ఒక పూట పక్కన నిలబడితే వచ్చేస్తాయి, 300 రూపాయల దుప్పటితో పోల్చి చూసుకోండి.

ఈ పనికే కదా వాలంటీర్లని పెట్టింది అనొచ్చు. 2019లో ఆంధ్రాలో 50 ఇళ్ళకి ఒకరు చొప్పున రెండున్నర లక్షల పైచిలుకు మందిని తీసుకున్నారు, నెలకి 5 వేలు గౌరవ వేతనం. ఒకటో తారీఖు పొద్దున్నే తలుపు కొట్టి పెన్షన్ చేతిలో పెట్టారు, ఆ సౌకర్యాన్ని ఎవరూ కాదనలేరు. వాళ్ళని పార్టీ పనికి వాడుతున్నారన్న ఆరోపణలు మొదటి నుంచీ ఉన్నాయి, చివరికి 2024 ఎన్నికల ముందు ఎలక్షన్ కమిషన్ ఈ వాలంటీర్లని పెన్షన్ పంపిణీకి దూరంగా పెట్టింది, ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థే పోయింది. పెన్షన్ ఇప్పుడు సచివాలయం ఉద్యోగులు ఇళ్ళకే తెచ్చి ఇస్తున్నారు కాబట్టి ఆ ముక్క వరకు ఇబ్బంది లేదు. కానీ వీధిలో మొహం తెలిసిన మనిషి, ఏ కాగితం ఎక్కడివ్వాలో అడగటానికి భయం వెయ్యని మనిషి, ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. జీతమిచ్చి, పార్టీ జెండా నీడలో నిలబెట్టి దాన్ని సేవ అనడం తప్పు. ఆ తప్పు సరిదిద్దామన్న పేరుతో అవసరాన్నే లేదనుకోవడం ఇంకో తప్పు.

తోడుగా నిలబడటం అంటే ఎలా ఉంటుందో మన దగ్గరే చూపించినవాళ్ళు ఉన్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాలిటిక్స్ పాఠాలు చెప్పిన శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెలు. పశువుల దగ్గర, పత్తి చేలల్లో, జీతగాళ్ళుగా ఉన్న పిల్లల్ని బడికి తేవాలి. బడిలో లేని ప్రతి పిల్లాడూ బాల కార్మికుడే అన్నది వాళ్ళు పట్టుకున్న మాట, ఇంటి పని చేసే ఆడపిల్లని కూడా ఆ లెక్కలోనే వేశారు. వాళ్ళు సొంతంగా బడులు పెట్టుకుని గొప్పలు పోలేదు. క్యాంపుల్లో ఉంచి కొన్ని నెలలు చదువు చెప్పి, పిల్లల్ని వయసుకి తగ్గ క్లాసులో సర్కారు బడిలోనే, సర్కారు హాస్టల్లోనే చేర్పించారు. ఆ పని చేసిందంతా ఎక్కువగా ఆ పల్లెల కుర్రాళ్ళే, వాళ్ళ ఇళ్ళల్లో మొదటిసారి చదువుకున్నవాళ్ళు. తండ్రి అప్పు తీసుకున్న ఆసామితో మాట్లాడాలి, తల్లిని ఒప్పించాలి, చేర్పించాక పిల్లాడు రెండో వారం పారిపోయి వస్తే మళ్ళీ తీసుకెళ్ళాలి, హెడ్మాస్టర్ టీసీ లేదంటే ఆయన్ని పట్టుకోవాలి. ఒక ఇంటికి ఒకసారి వెళ్తే అయ్యే పనా ఇది? 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ తిరుగుడికే.

విజయవాడ కూడా గుర్తు చేసుకోవాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు రాష్ట్రం నలుమూలల నుంచి పులిహోర ప్యాకెట్లు, నీళ్ళ బాటిళ్ళు, పాలు వచ్చిపడ్డాయి, డ్రోన్లతో కూడా అందించారు. నీళ్ళు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్ళల్లో బురద కడిగాయి. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తుకి 10 వేలు సాయం ప్రకటించారు. ఆ తర్వాత లిస్టులో పేరు రాలేదని కలెక్టరేట్ చుట్టూ తిరిగిన జనం పక్కన పులిహోర తెచ్చినవాళ్ళెవరూ లేరు. అప్పటికి టీవీలు కూడా వెళ్ళిపోయాయి.

ఇప్పుడు చేతిలో ఉన్నదేంటో చూద్దాం. ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం అని ఒకటి ఉంది, 1969లో గాంధీ శతజయంతి ఏడాది మొదలైంది, మన డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలా చోట్ల ఉంది. వాలంటీర్‌గా చేరిన స్టూడెంట్ ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి, ఒక ఊళ్ళో 7 రోజుల క్యాంపు కూడా ఉంటుంది. ఆ గంటలు ఎక్కడికి పోతున్నాయంటే, చెప్పడానికి మాకే మొహమాటంగా ఉంది, ర్యాలీలకి, ఏదో ఒక దినోత్సవానికి ప్లకార్డులు పట్టుకోవడానికి, పోయినేడు మొక్క నాటిన గుంతలోనే మళ్ళీ మొక్క నాటడానికి. మంచి ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉన్న కాలేజీల్లో గొప్ప పనులు జరుగుతున్నాయి, వాళ్ళని ఈ మాటల్లో కలపొద్దు.

ఆ 120 గంటల్లో సగం జిల్లా ఆసుపత్రికి, సచివాలయానికి, ఎమ్మార్వో ఆఫీసుకి ఇస్తే ఎలా ఉంటుంది? పెద్దాసుపత్రికి మొదటిసారి వచ్చిన ముసలామెకి ఓపీ చీటీ ఒక చోట, డాక్టర్ గది ఒక చోట, రక్తపరీక్ష ఇంకో బ్లాకులో, స్కానింగ్ వెనకాల. కొన్ని చోట్ల ఓపీ చీటీకి కూడా ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చెయ్యమంటున్నారు, ఆమె చేతిలో ఉన్నది బటన్ ఫోన్, అదీ కొడుకుది. ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, 2007లో, ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలని పెట్టింది ఈ దారి చూపించడానికే, అది మంచి ఆలోచన, కానీ వాళ్ళు కార్డు కేసుల కాగితాల్లో మునిగి ఉంటారు, ఓపీకి వచ్చిన ప్రతి ఒక్కరి వెంటా నడవలేరు. అక్కడ పొద్దున 8 నుంచి 12 దాకా నలుగురు స్టూడెంట్లు బ్యాడ్జీ పెట్టుకుని నిలబడితే చాలు. వాళ్ళకి మెడిసిన్ తెలియక్కర్లేదు, తెలుగు చదవడం వచ్చి, ఫోన్ వాడటం వచ్చి, కాస్త ఓపిక ఉంటే సరిపోతుంది. సెలవుల్లో కూడా వస్తామన్నవాళ్ళకి గంటలు రెట్టింపు వేయండి, ఇంటర్న్‌షిప్ మార్కుల్లో కలపండి. పెద్ద కంపెనీలు కూడా చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి కదా, గోడకి రంగులు, బోర్డు మీద పేరు కాకుండా ఈ పిల్లల బస్ పాస్, టిఫిన్ ఖర్చు పెట్టుకోవచ్చు.

దీనికి ఆసుపత్రి వాళ్ళు చెప్పే అభ్యంతరం మాకు తెలుసు, బయటివాళ్ళని రానిస్తే ప్రైవేట్ ఆసుపత్రుల దళారులు వాళ్ళల్లో కలిసిపోతారని. అది ఉత్తుత్తి భయం కాదు, ఆ దళారులు ఇప్పుడు కూడా అక్కడే తిరుగుతున్నారు, దారి తెలియక దిక్కులు చూసేవాళ్ళనే వాళ్ళు పట్టుకునేది. అందుకే కాలేజీ నుంచి పేర్ల లిస్టు, ఫొటో ఉన్న కార్డు, సూపరింటెండెంట్ ఆఫీసులో రోజూ సంతకం, రోగి దగ్గర రూపాయి తీసుకున్నట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు అని ముందే రాసి పెట్టండి. కలెక్టర్లు తలచుకుంటే వచ్చే అకడమిక్ ఇయర్‌కి ఒక్కో జిల్లాలో ఒక ఆసుపత్రితో మొదలుపెట్టొచ్చు, దీనికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.