'ఇతర అంశాల' కింద వేటు

డాక్టర్లదో, ఇంజనీర్లదో, ఆక్వా టెక్నీషియన్లదో, సంఘం ఏదైనా కానీ, భీమవరం నుంచి అమలాపురం దాకా కార్యవర్గ సభ్యుడిని కూరలో కరివేపాకులా తీసి పారేసే పద్ధతి మాత్రం ఒక్కటే. సర్వసభ్య సమావేశం ఎజెండా ముందురోజు రాత్రి వాట్సాప్‌లో వస్తుంది, అందులో ఆయన పేరు ఎక్కడా కనిపించదు, అడుగున మాత్రం 'అధ్యక్షుల వారి అనుమతితో ఇతర అంశాలు' అని ఎప్పుడూ ఉండే లైనే ఉంటుంది. తీరా భోజనాల వేళకి, సగం మంది చేతులు కడుక్కోవడానికి లేచాక, ఆ లైన్ కింద నుంచి తొలగింపు తీర్మానం బయటికొస్తుంది. కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మైకులో ఓ మాట, నాలుగు చప్పట్లు, అయిపోయింది. పొద్దున టిఫిన్ దగ్గర హాజరు కోసం పెట్టిన సంతకాలే ఆ తర్వాత మినిట్స్ పుస్తకంలో తీర్మానానికి మద్దతుగా తేలతాయి.

అసలు తొలగించడమే తప్పని మేము అనడం లేదు. సంఘం డబ్బు సొంతానికి వాడుకున్నవాడిని నెత్తిన మోయాల్సిన ఖర్మ ఎవరికీ లేదు. కానీ సభ్యులంతా కలిసి ఎన్నుకున్న మనిషిని నలుగురు ఆఫీస్ బేరర్లు కూర్చుని తీసేస్తామంటే, ఆ అధికారం బైలాలో, అంటే సంఘం నిబంధనావళిలో, రాసి ఉందో లేదో ముందు చూసుకోవద్దా? (రిజిస్ట్రేషన్ అయిన రోజు బీరువాలో పెట్టిన బైలా మళ్లీ బయటికి తీసిన సంఘాలు ఎన్నున్నాయో!) ఫ్రీమేసన్లనే సోదర సంఘం శాఖ (దాన్ని లాడ్జి అంటారు) ఒకటి తన సభ్యుణ్ణి బహిష్కరించిన కేసులో సుప్రీంకోర్టు 60 ఏళ్ల కిందటే చెప్పింది, సంఘానికీ సభ్యుడికీ మధ్య ఒప్పందం ఆ నిబంధనలేననీ, వాటి ప్రకారమే, సదుద్దేశంతో, అవతలి వాదన విన్నాకే బయటికి పంపాలనీ. ఆంధ్రప్రదేశ్ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద ఏ సభ్యుడైనా ఇలాంటి వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కో (మధ్యవర్తి తీర్పుకో) జిల్లా కోర్టుకో తీసుకెళ్లొచ్చు. వెళ్తే సంఘం తరఫు వకీలు ఫీజు ఎవరి చందాల్లోంచి పోతుంది?

అందుకని ఆరోపణ కాగితం మీద పెట్టండి, జవాబుకి టైమివ్వండి, ఎజెండాలో పేరుతో సహా వేరే అంశంగా రాయండి, చీటీలతో ఓటు వేయించండి, ఆరోపణ చేసినాయన ఆ పూట అధ్యక్ష కుర్చీలో కూర్చోకుండా చూడండి. లెక్కలు అడిగినందుకే ఆయన్ని తీసేస్తున్నారని బయట అనుకుంటుంటే, ఆడిట్ రిపోర్టు కూడా అదే మీటింగులో, తొలగింపు అంశం కంటే ముందే, సభ్యుల చేతికివ్వండి.