ప్రీమియం దారిలో ఆగిపోతే నష్టం ఎవరు మోయాలి?

బీమా కంపెనీ, బ్రోకర్ ప్రీమియం బకాయిల మీద కోర్టుకెక్కితే అది రెండు సంస్థల లెక్కల తగాదాగానే కనిపిస్తుంది. ఆ డబ్బు జేబులోంచి తీసి కట్టిన మూడో మనిషి పేరు దావాలో చాలాసార్లు ఉండనే ఉండదు. దెబ్బ మాత్రం ముందు అతనికే తగులుతుంది.

గుంటూరు మిర్చి వ్యాపారినే తీసుకోండి. మిర్చి బస్తాలు (టిక్కీలు) కోల్డ్ స్టోరేజీకి చేర్చి, బ్యాంకు లోను కోసం సరుకు మీద అగ్నిప్రమాద పాలసీ తీసుకుంటాడు. ప్రీమియం బ్రోకర్‌కు కడతాడు. వాట్సాప్‌లో పాలసీ పీడీఎఫ్ వస్తుంది. దాన్నే బ్యాంకు మేనేజరుకు పంపి ఊరుకుంటాడు. సరుకు తగలబడ్డాక కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది: బ్రోకర్ ఇచ్చిన చెక్కు బౌన్స్ అయింది, ప్రీమియం మాకు అందలేదు, కాబట్టి పాలసీ మొదటి నుంచీ చెల్లదు. బ్రోకర్ రసీదు చేతిలో పట్టుకుని అతను ఎవర్ని అడగాలి?

కంపెనీ చూపించేది 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్‌ను. ప్రీమియం ముందుగా అందితేనో, దానికి తగిన పూచీ ఉంటేనో తప్ప రిస్కు తీసుకోకూడదని అది చెబుతుంది. ఏజెంటు వసూలు చేసిన సొమ్మును, సెలవులు పోను 24 గంటల్లో, తన కమీషన్ కూడా మినహాయించుకోకుండా కంపెనీకి చేర్చాలని కూడా అందులోనే ఉంది. చెక్కు చెల్లకపోతే కంపెనీ క్లెయిమ్ ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2001లో సీమా మల్హోత్రా కేసులో తేల్చింది. ఆ తీర్పును నేను తప్పుపట్టను. అక్కడ చెల్లని చెక్కు ఇచ్చింది పాలసీదారే. మన వ్యాపారి అణా పైసలతో సహా కట్టాడు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

మధ్యలో నిలిచిపోయిన డబ్బు గురించి కోర్టులు కూడా ఒకే మాట మీద లేవు. 1997లో హర్షద్ షా కేసులో, ప్రీమియం వసూలు చేసే అధికారం ఎల్ఐసీ ఏజెంటుకు లేదు కాబట్టి అతని చేతికిచ్చింది ఎల్ఐసీకి కట్టినట్టు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. రెండేళ్లకే బసంతీ దేవి కేసు వచ్చింది. ఢిల్లీ విద్యుత్ సంస్థ ఉద్యోగి జీతంలోంచి ప్రీమియం కోసుకుని ఎల్ఐసీకి పంపలేదు. అయినా వసూలు విషయంలో ఆ సంస్థ ఎల్ఐసీ ఏజెంటే అని, పాలసీ సొమ్ము ఎల్ఐసీ ఇవ్వాల్సిందేనని తీర్పు వచ్చింది. నా దృష్టిలో న్యాయం ఈ రెండో తీర్పు వైపే ఉంది.

బ్రోకర్ దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. ఏజెంటు కంపెనీ మనిషి. బ్రోకర్ చట్టం ప్రకారం కస్టమర్ మనిషి, కమీషన్ మాత్రం కంపెనీ ఇస్తుంది. డబ్బు పోయిన రోజున 'అతను మీ మనిషే కదా' అని కంపెనీ తేలిగ్గా చేతులు దులుపుకుంటుంది. బ్రిటన్‌లో 1906 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ (సముద్ర బీమా) చట్టం ఆ పాలసీల వరకు ఈ ముడిని ముందే విప్పింది: వేరే ఒప్పందం లేకపోతే, ప్రీమియానికి బ్రోకరే కంపెనీకి నేరుగా జవాబుదారీ, క్లెయిమ్‌కు కంపెనీ పాలసీదారుకు నేరుగా జవాబుదారీ. అంటే బకాయి గొడవ ఆ ఇద్దరి మధ్యే ఉంటుంది.

మన దగ్గరా స్టాకు పాలసీలకు ఇదే రూలు కావాలి. బ్రోకర్‌ను నమ్మి, అతని ద్వారా వ్యాపారం తీసుకుని, పాలసీ కాగితం చేతికిచ్చింది కంపెనీ. బ్రోకర్ మీద దావా వేయడానికి లాయర్లు, ఆపి ఉంచడానికి కమీషన్ దాని దగ్గరున్నాయి. ఒక్క సీజన్ సరుకు పోతే అప్పుల్లో కూరుకుపోయే వ్యాపారికి ఏముంది?

అసలు డబ్బు బ్రోకర్ చేతిలో పడకుండా చూసే దారి కూడా ఉంది. జీవిత, ఆరోగ్య పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025లో బీమా-ఆస్బా అనే పద్ధతి తెచ్చింది. కంపెనీ పాలసీకి ఒప్పుకునేదాకా సొమ్ము కస్టమర్ ఖాతాలోనే బ్లాక్ అయి ఉంటుంది, ఒప్పుకున్నాకే నేరుగా కంపెనీకి వెళుతుంది. దీన్ని గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లోని సరుక్కీ, విజయవాడ ఆటోనగర్ షెడ్లలోని స్టాకుకీ వర్తింపజేయాలి. ఈలోగా వ్యాపారులు ప్రీమియాన్ని కంపెనీ పేరు మీదే కట్టి, కంపెనీ ఇచ్చిన రసీదే అడిగి తీసుకోవాలి.